కెజయా అత్త గుత్తిదీపం

తల వంచుకో ఎల్సీ, తగుల్తుంది! ఆఁ? ఏం తగుల్తుందంటావా? అదే, దీపం... అయ్యో, లేదు కదూ. ఎప్పుడో తీసేశారు. కరెంటొచ్చి ఇన్నేళ్ళైనా అక్కడికొస్తే నా మెడ దానంతటదే వంగుతుంది. కూర్చో. ఆ కుర్చీ కాదు, అది పిల్లిది. మా కెజయా అత్త అని, మా నాన్నకి అక్క, నువ్వు పుట్టకముందే పోయిందిలే, ఆవిడదే ఆ గ్యాసు గుత్తిదీపం. ఈ ముందుగదిలోనే, నడిమధ్యన, కప్పు నుంచి వేలాడుతుండేది. ఇత్తడి కొమ్మలు మూడో, నాలుగో, వాటికి గాజు పువ్వులు, గులాబీ రంగువి. కాదు కాదు, ఆకుపచ్చ. గులాబీ రంగువి పక్కింటివాళ్ళవి. మన డెర్బీ ఊళ్ళో అప్పట్లో అది లేకపోతే ఇల్లు ఇల్లే కాదు. వెలిగించేది మాత్రం ఎప్పుడు? పాదిరిగారొస్తేనో, ఇంట్లో ఎవరైనా పోతేనో.

ఏం చెబుతున్నా? ఆఁ, నీళ్ళు. దీపానికి నీళ్ళేంటి తాతా అని నవ్వకు. ఆ దీపాన్ని కిందికి లాక్కోవచ్చు, పైకి తోసెయ్యొచ్చు. గొట్టంలో గొట్టం, మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళే గ్యాసు బయటికి రాకుండా ఆపేవి. ఆవిరైపోయాయా, ఇల్లంతా కంపు. అందుకని అమోస్ టిండల్ అని, దీపం బిగించినాయన, నెలకోసారి వచ్చి నీళ్ళు పోసేవాడు. పొట్టి మనిషి. ఆయనకి అందాలని అత్త పొద్దున్నే దీపం కిందికి లాగి ఉంచేది. గిన్నెడు నీళ్ళు పొయ్యడానికి ఎంతసేపు పడుతుందే? ఆయన టీ తాగి, కేకు తిని, మళ్ళీ టీ తాగి, "ఇది తెలిసినవాడు చెయ్యాల్సిన పనండీ అమ్మగారూ" అనేవాడు మూతి తుడుచుకుంటూ. "అవునండీ, మాకేం తెలుస్తుంది" అనేది అత్త, మొహం ఎర్రబడిపోయి. మొగుడు పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఓరోజు మా అమ్మనడిగిందట, "ఈయన దీపం కోసం వస్తున్నాడంటావా, నా కోసమా?" అని. "అడిగెయ్ వదినా" అంది అమ్మ. "ఛీ! ఆడదాన్ని, ఎలా అడగనే?"

అప్పుడు అమ్మ ఒక ఉపాయం చెప్పింది. నీళ్ళ మీద కాస్త నూనె పోస్తే ఆవిరవ్వవు. నీళ్ళు తగ్గలేదని తెలిసినా మనిషి వస్తున్నాడంటే, నీ కోసమే! పోశారు. ఎవరు పోశారో తెలీదు, అత్తే పోసిందని అమ్మ, అమ్మే పోసిందని అత్త. టిండల్ వచ్చాడు, గొట్టంలోకి చూశాడు. నిండుగా నీళ్ళు, పైన నూనె. "ఎవరో తెలిసినవాళ్ళే చూసుకుంటున్నట్టున్నారు. ఇంక నాతో పనేముందిలెండి" అని టోపీ పెట్టుకున్నాడు. టీ కూడా తాగలేదు. అత్త టీ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మళ్ళీ రాలేదు. దీపం కోసమే వచ్చాడా మరి? లేక ఈవిడే తనని రావద్దందనుకున్నాడా? ఎన్నిసార్లు ఆలోచించినా నా బుర్రకెక్కదు.

అత్త మాత్రం ఆ దీపాన్ని పైకి తొయ్యనివ్వలేదు. పాదిరిగారి నుదురు బొప్పి కట్టింది. "పైకి తొయ్యవే అక్కా!" అని నాన్న అరిస్తే, "ఉండనీరా. నీళ్ళు పోసేవాళ్ళకి అందొద్దూ?" అనేది. పోసేవాళ్ళెవరు? ఆవిడ పోయినప్పుడు శవప్పెట్టె బయటికి తేవాలంటే దీపం అడ్డం. ఎవరో పొడుగాయన ఒక్క చేత్తో పైకి తోసేశాడు. గుమ్మం దగ్గర టోపీ చేత్తో పట్టుకుని ఒక పొట్టి ముసలాయన నిలబడ్డాడు. టిండలే అంది అమ్మ. కాదన్నాడు నాన్న. నేనూ చూశాను, కానీ మొహం గుర్తు రావట్లేదే. శ్మశానం నుంచి తిరిగొచ్చి చూస్తే దీపం మళ్ళీ కిందికి దిగి ఉంది. దాని కింద ఒక కుర్చీ, కుర్చీలో బూటు మట్టి. ఇదే, ఈ పిల్లి పడుకునే కుర్చీయే. కరెంటొచ్చేదాకా మేమెవ్వరం మళ్ళీ పైకి తొయ్యలేదు...

టీ పెడతావా అమ్మా? చలేస్తోంది. ఇటునుంచి వెళ్ళు. తల వంచుకో.