వరుసలో చివరి చోటు

ఆ ఆదివారం మా ఇంట్లో అత్తయ్యగారు, మామయ్యగారు, హెడ్మిస్ట్రెస్ గారు, నిరుడు పదవీ విరమణ చేసిన డ్రాయింగ్ మాస్టారు, బడిలో గంట కొట్టే తాత, నేను ఉన్నాము. శుక్రవారం జరగబోయే తన పదవీ విరమణ సన్మాన సభకు రావడానికి అత్తయ్యగారిని ఒప్పించడం వాళ్ల పని. మా బడి పత్రిక ఈ సంచికకు ఆమె గురించి వ్యాసం రాయడం నా పని. ఉపాధ్యాయులెవరికీ తీరిక లేదట. ఆమె ఇంట్లో ఉంటూ అదే బడిలో చదువుతున్న మేనకోడలిని కనుక ఆ బాధ్యత నాకు అప్పగించారు. రెండు పనులూ సాయంత్రం దాకా తెమలలేదు.

అత్తయ్యగారు ముప్ఫై నాలుగేళ్ల క్రితం జూన్ పన్నెండవ తేదీన ఈ పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయినిగా చేరారు. అప్పటికి పై అంతస్తు లేదు. వాన పడితే రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టేవారట. ఒక గోడ దగ్గర లెక్కలు, ఎదురు గోడ దగ్గర ఇంగ్లీషు, నడుమ పిల్లలు వీపుకు వీపు ఆనించుకుని వినడం. ఆ గోలలో కూడా వెనక బెంచీకి వినబడే కంఠం వారిది.

వారికి పేరు తెచ్చింది వయసుల పాఠం. ఓల్డ్, ఓల్డర్, ఓల్డెస్ట్ అని బోర్డు మీద రాసి వల్లె వేయిస్తే పిల్లలకు మాట వస్తుంది గాని అర్థం ఎక్కదని వారి అభిప్రాయం. అందువల్ల పుట్టిన తేదీలు అడిగి, తరగతినంతా వరండాలో ఒక వరుసగా నిలబెట్టేవారు. పక్కవాళ్లను చూపించి, ఎవరు ఎవరికంటే పెద్దో ప్రతివాళ్లూ చెప్పాలి. ఈ చివరనున్న పసివాడు "ఐ యామ్ ది యంగెస్ట్" అని, ఆ చివరనున్నవాడు "ఐ యామ్ ది ఓల్డెస్ట్" అని గొంతెత్తి చెప్పాలి. పరీక్షలో ఏ ప్రశ్న వదిలేసినా ఆ ప్రశ్న మాత్రం ఎవరూ వదిలేవారు కాదని పాత విద్యార్థులు ఇప్పటికీ చెబుతారు.

కొన్నేళ్లకు ఆ పద్ధతి ఉపాధ్యాయుల్లోకి పాకింది. ఒక పదవీ విరమణ సభలో అందరూ కళ్లు తుడుచుకుంటుంటే, నవ్వించడానికని అత్తయ్యగారే సిబ్బందిని వయసు వరుసలో నిలబెట్టి, వెళ్లిపోతున్న వారిచేత ఆ చివరి వాక్యం చెప్పించారు. అప్పటినుంచి అది ఆచారమైంది. సైన్సు మేడమ్ చెప్పారు. డ్రిల్లు మాస్టారు ఈల ఊది మరీ చెప్పారు. తీరా వంతు తనదయ్యేసరికి అత్తయ్యగారు సభకే రానన్నారు.

"పోనీ ఈసారికి వరుస మానేద్దామా మేడమ్?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"అదెలా కుదురుతుందండీ?" అన్నారు డ్రాయింగ్ మాస్టారు. "నాకు నోరు తిరగదు మొర్రో అన్నా వినకుండా మూడుసార్లు అనిపించారు ఈవిడ. మా కోడలు ఫోన్లో వీడియో కూడా తీసింది. మా మనవడు ఇప్పటికీ నన్ను తాతా అనడు, ఓల్డెస్టూ అంటాడు."

"మీరు పెద్దవారు కాబట్టి అన్నారు. నేను కాదుగా," అన్నారు అత్తయ్యగారు. "గంట కొట్టే తాత నాకంటే పెద్ద. ఆయన్ని ఒక్కసారైనా నిలబెట్టారా?"

"నిలబెట్టాల్సింది ఎవరు? ఆ తద్దినం మొదలుపెట్టిందే నువ్వు," అన్నారు మామయ్యగారు పేపరు దించకుండా.

తాత టీ గ్లాసు కింద పెట్టేశారు. "నన్నిందులోకి లాగకండమ్మా. అందరికంటే పెద్దోణ్ణని నా నోటితో నేనే చెబితే రేపట్నించి రావద్దంటారు. నాకింకా ఓపికుంది."

వచ్చిన టీ చల్లారింది, మళ్లీ పెట్టాను, అదీ చల్లారింది. మాట మాత్రం మొదలైన చోటే ఉంది. చివరికి అత్తయ్యగారే అన్నారు, "ఆ ముక్క అన్నానంటే అయిపోయినట్టే కదండీ. సోమవారం గంట కొడతారు. నేనీ కుర్చీలో కూర్చుని వినాలి."

నలుగురిలో నోరు విప్పడం నాకు అలవాటు లేదు. కాని విసుగు సిగ్గును మించిపోయింది.

"నన్నయితే నిలబెట్టారుగా అత్తయ్యా," అన్నాను.

మా ఊరి బడి కొంతకాలం మూతబడడంతో నా చదువు ఆగింది. అందువల్ల ఇక్కడి తొమ్మిదో తరగతిలో నేనే అందరికంటే పెద్దదాన్ని. చేరిన నెలలోనే ఆ పాఠం వచ్చింది. మేనకోడలినని వదిలేస్తారనుకున్నాను. చివర నిలబడ్డాను గాని నోరు పెగలలేదు. ఆమె మిగతా పిల్లల్ని లోపలికి పంపి, వరండాలో నా పక్కనే నిలబడ్డారు. గంట కొట్టినా కదలలేదు. తర్వాతి పీరియడుకు వచ్చిన లెక్కల మాస్టారు సుద్దముక్కతో గుమ్మంలోనే ఆగిపోయారు. ఏడుస్తూనే ఆ వాక్యం అన్నాను. "ఇంక ఈ మాటతో నిన్నెవరూ ఏడిపించలేరు. నువ్వే అనేశావుగా," అన్నారామె. నిజంగానే ఆ తర్వాత ఎవరూ ఏడిపించలేదు. అయినా ఆనాటి కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

అత్తయ్యగారు నావైపు తిరిగారు. "దీనికి నోరు లేదనుకున్నాను," అన్నారు.

"నీ దగ్గరేగా చదువుతోంది," అన్నారు మామయ్యగారు.

"శుక్రవారం ఎన్నింటికి?" అని హెడ్మిస్ట్రెస్ గారిని అడిగారు అత్తయ్యగారు.

"పదింటికి మేడమ్."

"తాతను కూడా నిలబెట్టండి మరి."

"నిలబడతానమ్మా. మీకు ఇవతల," అన్నారు తాత. "ఏడాది చిన్నోణ్ణనుకోండి."

వాళ్లు వెళ్లాక చివరి పేరా రాసి, అత్తయ్యగారికి వినిపిద్దామని లోపలి గదికి వెళ్లాను. ఆమె అద్దం ముందు నిలబడి ఉన్నారు. గుమ్మంలోనే ఆగి చదివాను: "మా అత్తయ్యగారు కంటిచూపు మసకబారకుండా, ఆ కంఠం తగ్గకుండా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని తోటి ఉపాధ్యాయులు, విద్యార్థులు, కుటుంబ సభ్యులమైన మేము మనసారా కోరుకుంటున్నాము."

"నూరేళ్లా?" అన్నారు. "అన్నాళ్లూ ఎక్కిన ప్రతి బస్సులో, దిగిన ప్రతి ఫోటోలో ఓల్డెస్ట్ నేనే కదే."

"తగ్గించమంటారా?"

"వద్దులే, ఉండనీ. ఇందాకట్నించి చూస్తున్నాను, ఒక్కసారి కూడా గొంతు దాటి రావట్లేదా మాట. నువ్వెదురుగా ఉంటే అసలు రాదు. అవతలికి పో," అని తలుపు వేసేశారు.