దాలమ్మ అరచెయ్యి

ఆ గరిటి నా మీదకి సాపకే గుంటా, పులుసు కారి సోఫా మీద పడితే మళ్ళీ నీ మొగుడు మరక మరకంటాడు. ఏటీ, ఉప్పు నాను సూడాలా? నీకు నాలుక నేదేటి? ఏటన్నావు, మళ్ళీ అను. "నాను సేస్తే అన్నీ పాడైపోతాయి అమ్మమ్మా". ఆఁ, ఇదిగో, ఇదే మాట. నిన్న ఆఫీసు నుంచొచ్చి కూడా ఇదే అన్నావు, ఎవుడో మేనేజరు మీటింగులో ఏదో కూసినాడని. ఈ సైబర్‌జయలో ఇంతింత కంపెనీలు కట్టినారు గానీ ఆళ్ళకి నాలుగు మంచి మాటలు ఎవులూ నేర్పలేదు. నువ్వన్నావే, అచ్చు ఆ మాటే నాను అరవై ఏళ్ళ కింద ఒక మనిషి నోట విన్నాను రత్నా. దాలమ్మ. మాయమ్మకి సెల్లెలు, నాకు సిన్నమ్మ. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోనాది. పొయ్యి ఆపీసి ఇలా వచ్చి కూకో. పులుసు ఎక్కడకీ పారిపోదు.

మనోళ్ళు ఈ మలాయోళ్ళ దేశానికి కూలికొచ్చినారు గదా, మేం అప్పుడు సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో ఉండీవోళ్ళం. ఎటు సూసినా కొబ్బరిసెట్లు, మజ్జిలో కాలవలు, కాలవ గట్టున లైన్లిళ్ళు. దాలమ్మ సేతి వంటంటే లైన్లో సగం మంది ముక్కులు ఎగబీల్చుకుంటా మా గుమ్మం కాడికి వచ్చీవోళ్ళంట. గుమ్మడికాయ దప్పళం ఆవ పెట్టి సేసీది. బెల్లం దొరక్కపోతే మలాయోళ్ళ కాడ ఆళ్ళ కొబ్బరిబెల్లం, గులా మలాకా, అడిగి తెచ్చి ఏసీది. సిన్నప్పుడు మా తాత ఒకపాలి దాన్ని తెలుక్ ఇంటాన్ సంతకి తీసుకెళ్ళినాడంట. అప్పుడు తెలుక్ ఆన్సన్ అనీవోళ్ళంలే. అక్కడ ఆ ఒరిగిపోయిన గడియారం మేడ ఉంది సూడు, దాని ఎనక సందులో ఒక సాపాటు కొట్టు. బల్లలేసి, అరిటాకులేసి, "ఇంకొంచెం ఎయ్యమంతారా" అని వడ్డిస్తా ఉన్నారంట. లోకవంతా వదిలేసి ఇది అదే సూసుకుంటా నిలబడిపోనాది. తాత సెయ్యట్టుకు లాగితే గానీ కదల్లేదు. అప్పుటినుంచీ ఒకటే గోల, నాకు కొట్టు గావాల, నాకు కొట్టు గావాలని. నవ్వీవోళ్ళు అందరూ. ఆడకూతురు కొట్టెట్టడవేటి, అదీ కూలోళ్ళ పిల్ల!

తరవాత దానికి పెళ్ళయినాది. పెనిమిటి పేరు అప్పడు, సానా మంచోడు. యుద్ధంలో జపానోళ్ళొచ్చినారు. సయాంలో రైలు పట్టాలెయ్యడానికని మగోళ్ళని లారీల్లో ఎక్కించినారు. దాలమ్మ బేగి బేగి ఉన్న బియ్యం వండి సద్ది కట్టిచ్చినాది. అప్పడు లారీ ఎక్కి, మూట ఇలాగ పైకెత్తి సూపించి నవ్వినాడంట. అంతే. మళ్ళీ రాలేదు.

అదిగో, అలాటప్పుడే దిగుతారమ్మా సాములు. మనిషి నిటారుగా ఉన్నప్పుడు ఒక్కడూ రాడు. యుద్ధం అయిన ఏడాదే ఒకాయన, ఆయన అనాలో ఆడు అనాలో, సరే, పాలసామి అనీవోళ్ళం, ఎందుకంటే అన్నం ముట్టడు, పాలు తప్ప ఏటీ తాగడు, అదీ ఆయన మహత్యం. తోట సివర పాత కొబ్బరి ఎండేసే కొట్టులో మఠం ఎట్టినాడు. ఇరవై మంది దాకా సేరినారు. సన్నటి గొంతు, దోమ సెవి దగ్గర పాడినట్టు. దాలమ్మ ఎల్లి కాళ్ళ మీద పడి నా పెనిమిటి వస్తాడా సామీ అని అడిగినాది. ఆడేటన్నాడో తెలుసా? "నీ సేతి కూడు తినెల్లినోడు ఎలగొస్తాడే దాసీ? ఆ సెయ్యి మంచిది కాదు. అది ముట్టుకున్నవన్నీ పాడైపోతాయి." ఓలమ్మో! ఇరవైరెండేళ్ళ పిల్లతో అనీ మాటా అది?

అది నమ్మీసినాది. అక్కడుంది సూడు అసలు సెడ్డ. తొమ్మిదేళ్ళు రత్నా, తొమ్మిదేళ్ళు ఆ మఠంలో అంట్లు తోమినాది. పొయ్యి ముట్టకూడదు, ఉప్పు ముట్టకూడదు, పెళ్ళింటికి ఎల్లకూడదు, తోడబుట్టిన అక్కతో మాటాడకూడదు. పొద్దుగూకితే అందరూ కూకుని ఆ రోజు మనసులో ఏటేటి తప్పులు తలిచినారో సామికి సెప్పాల. మాయమ్మ కాలవకి ఇవతల గట్టున నిలబడి "దాలీ, ఒలే దాలీ" అని పిలిస్తే, అది తల కూడా ఎత్తీది కాదు. మాయమ్మ ఇంటికొచ్చి గిన్నెలు దభీదభీమని పడేసీది. మా నాన్న సడీసప్పుడు సెయ్యకుండా బయటకెల్లిపోయీవోడు.

ఎలగ బయటపడ్డాదంటావా? ఆగు, అక్కడికే వస్తన్నాను. అంట్లు తోమీవోళ్ళకి తెలియందేటుంటాది సెప్పు? ఒకరోజు సామి పాలగిన్నె తోముతుంటే అడుగున మెతుకు కనపడ్డాది. అన్నం మెతుకు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవులూ సూడరనుకుంటాదంట. ఇది సూసింది గదా, సూసి ఏటి సేసినాది? సాయంత్రం సామి ముందు కూకుని తనే తప్పు ఒప్పుకున్నాది. "సామీ, నా కన్ను పాపిష్టిది, మీ గిన్నెలో మెతుకు సూసినాది" అని! పిచ్చిముండ. సామి ముఖం నల్లబడిపోనాదంట. ఈ దాసితో నలభై రోజులు ఎవులూ మాటాడకండి అన్నాడు. సరే, ఎవులూ మాటాడలేదు. మాటల్లేకపోతే మనిషికి ఆలోచనొస్తాది కదేటి. ఏ ఇరవయ్యో రోజునో తోముతున్న గిన్నె అలా నీళ్ళలో వదిలేసి లెగిసిపోనాది. తరవాత మాయమ్మతో, అక్కని అప్పా అనీదిలే, సెప్పినాది, "అప్పా, అన్నం ఉడికిందో నేదో సూడ్డానికి కుండంతా పిసకాలేటి? ఒక్క మెతుకు సాలు" అని. కాలవ దాటొచ్చి మా గుమ్మంలో నిలబడ్డాది. మాయమ్మ ఏడవనూ లేదు, తిట్టనూ లేదు, పీటేసి బువ్వెట్టినాది.

వచ్చినాది గానీ ఆడి మాట మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నాది. ఇల్లంతా తుడిసీది, అంట్లు తోమీది, పొయ్యి దగ్గరకి రమ్మంటే మాత్రం "నాను సేస్తే పాడైపోతాది" అనీది. అచ్చు నీలాగే.

అప్పుడు తెల్లదొరలెట్టిన ఎమర్జెన్సీ కాలం. తోట సుట్టూ ముళ్ళకంచె, గేటు కాడ తుపాకులోళ్ళు. అడివిలో కమ్యూనిస్టులుండీవోళ్ళు, కూలోళ్ళు ఆళ్ళకి బియ్యం అందిస్తన్నారని గవర్మెంటుకి అనుమానం. అందుకని ఒక రూలెట్టినారు. ఏ ఇంట్లోనూ పచ్చి బియ్యం ఉండకూడదు. తోటంతటికీ ఒకే వంటకొట్టు, అక్కడే వండి, ఐసీ, అదే గుర్తింపు కార్డు, సూపిస్తే మనిషికింతని ఎడతారు. వండిన అన్నం సాయంత్రానికి పాసిపోతాది కదా, అడివికి ఎలగ మోస్తారు? పాల డబ్బా కొన్నా కొట్టువోడు నీ ముందే సిల్లు పొడిసి ఇచ్చీవోడు, దాసుకోకుండా. కిరాణి వెంకటరావు గారు, తోటలో లెక్కలు రాసే ఆయన, వంటోళ్ళు గావాలి అంటే మాయమ్మ దాన్ని అడక్కుండా ఎల్లి సెల్లెలి పేరు రాయించీసినాది. దాలమ్మ లబోదిబోమన్నాది. "మూడొందల మంది కూడు పాడు సేస్తానప్పా!" మాయమ్మ, "పాడు సెయ్యి. ఒక పూట పస్తుంటారు, సావరులే" అన్నాది.

నాకు పదహారేళ్ళు. పుష్పం అని ఒక తమిళావిడ, దాలమ్మ, నాను, ముగ్గురం. మలాయోళ్ళు పెళ్ళిళ్ళకి వండుతారే, ఇంతింత కవాలు, మూకుళ్ళన్నమాట, దిగి ఈత కొట్టొచ్చు. తోట దొర అన్నంతో పాటు ఒక పులుసు కూడా ఎయ్యండి అన్నాడు. దాలమ్మ గరిటి పట్టుకున్నాది. అన్నీ ఏసినాది, సింతపండు, ముక్కలు, ఆవ. ఉప్పు కాడికొచ్చేసరికి ఆగిపోనాది. ఎయ్యడం ఏసినాది గానీ రుసి సూడదు! గరిటితో తీసి నా అరచేతిలో పోసీది. "నువ్వు సూడు గుంటా, సరిపోనాదా?" నాను నాకి, సరిపోనాది సిన్నమ్మా అంటేనే దింపీది. నెలల తరబడి ఇదే. ఇదిగో, ఇక్కడ సూడు, ఈ మచ్చ. కాలినా నాను అమ్మా అనీదాన్ని కాదు, అంటే అది మళ్ళీ గరిటి ముట్టదేమోనని భయం. జనం వేళ్ళు నాక్కుంటా "ఎవులు సేసినారీ దప్పళం?" అంటే "పుష్పం సేసినాది" అనీది. పుష్పం నడుం మీద సేతులేసుకుని, దేవుడా నాను కాదని ఆళ్ళ భాషలో, "అయ్యో కడవుళే, నాన్ ఇల్లె!" అని అరిసీది. నవ్వే నవ్వు.

ఇంక పాలసామి సంగతి విను. కంచె కట్టినాక మఠం కూడా లోపలికే వచ్చీసింది కదా. పేర్లు రాసుకోడానికి కిరాణి గారు ఎల్లినారు. శిష్యులందరూ పేర్లిచ్చినారు. "సామీ, తమరి పేరు?" అంటే, "మేము అన్నం ముట్టం" అన్నాడు, అందరి ముందూ! ఏటంటాడు మరి? కిరాణి గారు సరే అని పుస్తకం మూసీసినారు. మర్నాడు పోలీసులొచ్చి ఇళ్ళలో పచ్చి బియ్యం పట్టుకుపోయినారు, మఠంలో సామి మంచం కింద బస్తాతో సహా. శిష్యులు పాపం నిజంగానే నమ్మినోళ్ళు, ఆ బస్తా ఎవులో భక్తులు దాసుకున్నారనుకున్నారు. సామి అన్నం తినడు కదాని ఒక్కడూ ఒక్క ముద్ద దాసి తేలేదు! ఒకరోజయింది, రెండయింది, మూడయింది. నాలుగో రోజు మజ్జానం, ఎండలో, క్యూలో, ఎవులనుకున్నావు? సామి. సేతిలో రేకు పళ్ళెం.

కిరాణి గారు పుస్తకం తిరగేసి పేరు లేదు సామీ అన్నారు. మూడొందల మంది సూస్తన్నారు. నాకైతే లోపల పండగ. దాలమ్మ మాత్రం "నా వంతు ఎయ్యండి బాబూ" అన్నాది. తనే వడ్డించినాది. అక్కడే గోడవార కూకుని తిన్నాడమ్మా, తిన్నాడూ, తల ఎత్తకుండా తిన్నాడు. తిని, అప్పుడు గుర్తొచ్చినట్టున్నాది తను సామినని. గొంతు సవరించుకుని అందరికీ ఇనపడేలాగ, "ఉప్పు తక్కువ. సెప్పినాను కదా, ఆ సెయ్యి అలాటిది" అన్నాడు.

ఇంక ఈ జన్మకి దాలమ్మ పొయ్యి దగ్గరకి రాదనుకున్నాను నాను. అది గరిటి కవాలో ముంచినాది. నాను అలవాటు కొద్దీ అరచెయ్యి సాపినాను. నా సెయ్యి ఏపు సూసినాది. మెల్లిగా పక్కకి తోసీసినాది. తోసి, తన అరచేతిలో పోసుకున్నాది. కళ్ళు మూసుకుని నాకినాది. ఎంతసేపనుకున్నావు, నాకు కాళ్ళు నొప్పెట్టినాయి. కళ్ళు తెరిసి అన్నాది, "ఉప్పు సరిపోనాది సామీ. పాలు తాగి తాగి తమరి నాలుకే సచ్చిపోనాది." అని, ఊరుకోక, "ఇంకొంచెం ఎయ్యమంతారా?" అన్నాది. ఆడు పళ్ళెం సాపినాడే! ఆకలి మరి! ఒలమ్మో, ఆ రోజు నవ్విన నవ్వుకి తుపాకులోళ్ళు పరుగెత్తుకొచ్చినారు, ఏదో గలాటా అనుకుని. నెల తిరక్కుండా మఠం ఖాళీ. సామి ఏ బస్సెక్కినాడో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా నేదు.

మెర్డెకా, అదే సొతంత్రం, వచ్చినాది. తోటలో జెండాలు, పిల్లలకి పరుగుపందాలు. దాలమ్మ కవాడు పరవాన్నం వండినాది, ఎవులు వండినారంటే "నానే" అన్నాది, అడగనోళ్ళకి కూడా సెప్పినాది! ఆ ఏడు తిరక్కుండా తెలుక్ ఆన్సన్‌లో, ఆ గడియారం మేడ ఎనక సందులోనే, మూడు బల్లలేసి కొట్టెట్టినాది. వెంకటరావు గారు బోర్డు రాసిచ్చినారు, "దాలమ్మ సాపాటు కొట్టు". మొదటి రోజు మొదటి ఆకు ఎవులికీ ఎయ్యలేదు. గోడ దగ్గర బల్ల మీద అప్పడు సిన్నాన్న పేరున ఏసినాది. "నా సేతి కూడు తినెల్లినాడు. ఆకలితో ఎల్లలేదు" అన్నాది మాయమ్మతో. అప్పుడేడిసినాది మాయమ్మ. అన్నేళ్ళదీ అప్పుడే...

ఊఁ. ఏటి, నువ్వెందుకలా మొకం పెట్టినావు? లెగు లెగు, పులుసు సల్లారిపోనాది. మంచిదేలే, సల్లారితేనే ఉప్పు తెలుస్తాది. గరిటి తే. కాదే, నా సెయ్యి ఎందుకే, కాలింది సాల్లేదేటి? నీ సేతిలో పోసుకో.