కంబగిరిని వదిలి లేచిపోయిన చేను

కంబగిరి అని ఎగువపల్లెలో ఒకడుండేవాడంట. అంట ఏంది, నేను కళ్లారా చూసినోణ్ణే! వానికి శుభ్రం పిచ్చి. అందరిమాదిరి ఇల్లు ఊడ్చుకోవడం కాదబ్బా, వాడు చేను ఊడ్చేవాడు. చీపురు పట్టుకొని! ఎండుటాకు పడితే ఎత్తి పారేసేవాడు, కోత కోసినాక మిగిలే కొయ్యకాళ్లు కాల్చేసేవాడు, పేడదిబ్బ ఊరికే పంచిపెట్టేసినాడు. గొర్రెలోళ్లు వచ్చి, మంద పెట్టుకుంటావా అన్నా, రాత్రికి గొర్రెలు నీ చేన్లోనే పడుకొని ఎరువేస్తాయి అంటే, "నా చేను మీ గొర్రెలకు దొడ్డికి పోయే తావా?" అని తరిమినాడు. ఇంక ఆ మన్ను ఏం తిని బతకాల? తిండి లేక పిండైపోయింది. చేత్తో పడితే విబూది మాదిరి జారిపోయేది. కాకి వాలి ఎగిరితే ఎకరం దుమ్ము లేసేదనుకో.

ఏమైందంటే, ఒకనాడు పెద్దవాన. చేను లేచింది. లేచి, ఒళ్లు విరుచుకొని, గట్టు దాటి, వంకలో పడి నీళ్లెమ్మటి పోతావుంది. కంబగిరి చీపురుతోనే ఎనకాల పరుగు. "ఆగే! యాడికే? నిన్ను మా తాత సంపాదించినాడే!" అంటే అది తిరిగైనా చూడలేదంట. పోయి పోయి, దిగువపల్లెలో సుంకులమ్మ అనే ఆడమనిషి నేలకేసుకున్న రాతికట్ట కాడ కూలబడింది. ఆయమ్మకు ఉండేది రాళ్లనేల, గింజ మొలవదు. "ఆకలితో వచ్చినావా తల్లీ" అని పేడ పెట్టింది, కానుగాకు పెట్టింది, కుళ్లిన కొట్టం కప్పు పెట్టింది, మందను పడుకోబెట్టింది. చేనుకు కండ పట్టింది. వానపాములు, నా బొటనవేలంత, కాదు, నా తొడంత, వచ్చి కాపురం పెట్టినాయి.

అది చూసి కంబగిరికి కడుపు మండి పంచాయితీ పెట్టినాడు. పంచాయితీ అంటే ఎవరు? నేనే. ఏడూళ్ల కాకులు కూడా గూటి తగాదా నా కాడికే తెచ్చేవి. మన్ను మా తాతది పెద్దాయనా, నా చేను నాకు తోలించు అని కంబగిరి. "లేచిపోయేటప్పుడు మీ తాత యాడున్నాడు? తిండి పెట్టింది నేను. నా నోటికాడి కూడు ఇది, పోనీయను" అని సుంకులమ్మ. రెండు చెంబుల నీళ్లు తెప్పిస్తి. "ఇద్దరూ చెరొక మట్టిపెడ్డ తెండి. నీళ్లలో కరగనిది ఎవరిదైతే చేను వాళ్లది" అంటి. కంబగిరి తన కాడ మిగిలిన గోరంత నేలలోంచి పెడ్డ తెచ్చి నవ్వినాడు. "రెండూ ఒకే మన్ను గదా పెద్దాయనా, ఒకటే మాదిరి కరుగుతాయి!" వేస్తిమి. వానిది బుస్సుమని అంబలైపోయింది. ఆయమ్మది, అల్లుడింటికొచ్చిన అత్త మాదిరి, చెంబు అడుగున కదలకుండా కూచుంది. ఇప్పుడు కరుగుతుంది చూడండి అంటాడు కంబగిరి. చూసినాం. చూస్తానే ఉన్నాం. కూచున్నప్పుడు నా మీసం నల్లగుండె, లేచేసరికి ఇదో, ఇట్లయింది.

చేను సుంకులమ్మదే అని తీర్పు చెప్తి. కంబగిరి బావురుమన్నాడు. "ఏడవబాకురా. అలిగిన పెండ్లాం కాడికి ఉత్త చేతుల్తో పోతారా? నీకు మిగిలిన గోరంత నేలకైనా తిండి పెట్టు పో" అంటి. నెత్తిన పేడగంప, ముందర డప్పు, ఊరంతా చూస్తుండగా ఆ నేల కాడికి పోయినాడు. మళ్లీ పెద్దవాన వచ్చింది. ఊరి చేన్లన్నీ వంకెమ్మటి ఊరేగింపు పోతుంటే, వాని గోరంత నేల మాత్రం గట్టును కరుచుకొని కూచుంది. లేచిపోయిన చేను మాత్రం తిరిగి రాలేదబ్బా. కడుపు నిండేకాడ్నుంచి ఎవరొస్తారు? వాడిప్పుడు ఇల్లు కూడా ఊడ్చనీయడంట. పెండ్లాం ఆ చీపురుతో వాణ్ణే ఊడుస్తాదంట.

అబద్ధమంటారా? మా ఇంటికి రండి, సుంకులమ్మ పెడ్డ చెంబులో ఇంకా కూచునే ఉంది. తాగేదానికి నీళ్లు మాత్రం అడగొద్దు, మాకుండేది ఆ ఒక్క చెంబే. అందుకే గదా కథ చెప్పినప్పుడల్లా మీ ఇంట్లో మజ్జిగ అడిగేది. ఏదమ్మా, ఇంకా తేలేదే?