మాడిన పప్పు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీదున్న ఆ హోటల్‌కు బోర్డు లేదు. పగటి గిరాకీ జోరు మీదుంది. మొగుడు వంటింట్లకు రాంగనే, పొయ్యి కాడ వంట చేస్తున్న ఆమె కొంగుతో మొకం తుడుసుకుంది.

"మల్ల రెండు గిన్నెలు పుంటికూర పప్పు పోసియ్యి. బయట కూసునే జాగ లేదు."

"నన్ను మోర్తాడ్ బస్సెక్కిస్తనంటివి. అక్కకు ఆపరేషనై వారమాయె, ఒక్కపారి మొకం సూపియ్యలే."

"పోదువు తియ్యే. గిరాకీ జర తగ్గనియ్యి."

"గా పిలగాడెవడో మన పప్పును వీడియో తీసి ఫోన్ల పెట్టినకాడికెళ్లి గిదే మాట. ఇంకో వంటామెను పెట్టరాదు?"

"పెడితిమి గదా! ఒక్క ముద్ద తిని, 'గిది వదినె చెయ్యి గాదు' అని లేచిపోయిండ్రు. రుచి నీ చేతిలున్నది, నేనేం జెయ్యాలె?"

ఆమె గరిటె కింద పెట్టింది. పొద్దటి నుంచి కడుపులో దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"ఇయ్యాల పప్పు ఎట్లున్నదన్నరు?"

"ఎందుకే?"

"నేనే కావాలని అడుగంటనిచ్చిన. మాడు వాసనకు నాలుగు తిట్టి, మల్ల రారనుకున్న."

అతను గుడ్లప్పగించి చూసి, పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! గా వాసనకే ఎగబడుతున్నరు. కట్టెల పొయ్యి రుచంటే గిదీ అని నిజామాబాదోళ్లు మల్ల వీడియో తీస్తున్నరు. రేపటికెళ్లి రోజూ గిట్లనే మాడగొట్టు."

"నేను మాడగొట్టను. రేపు మంచిగనే వండుత. అప్పుడన్న రాకుండ ఉంటరా?"

"మంచిగ వండినవనే గదనే, ముందుగాల వచ్చింది!"