కేశవ రిపోర్టు

ధర్మవరం నేతగాళ్ల వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా చదివిపెట్టేది మందులంగడి ఓబిలేషే. ఆ రోజు మగ్గం నేసే కేశవ ఆసుపత్రి రిపోర్టు పట్టుకొని అతని భార్య హేమావతి వచ్చింది. ఎన్నడూ తడబడని ఓబిలేషు ఆ పొద్దు నీళ్లు నములుతున్నాడు.

"క్రియాటినిన్ తొమ్మిది. అంటే రక్తంలో చెత్తంతా అట్లే నిలిచిపోయిండాది వదినా. కిడ్నీలు వడగట్టలేకుండాయి."

"అది ఆసుపత్రిలో డాక్టరే చెప్పినాడప్పా. దాని కింద చదువు."

"క్రానిక్ కిడ్నీ డిసీజ్. అంటే నాల్గు దినాల్లో వచ్చింది కాదు, పాతరోగం అని."

"దాని కింద?"

"ఏముంది, డయాలసిస్. వారానికి మూడు తూర్లు మిషన్లో రక్తం కడగల్ల."

"నడాన ఒక వరస ఇడిసిపెట్టినావు. నాకు చదువు రాదు గాని, కండ్లు లేవా?"

"అనాల్జెసిక్ నెఫ్రోపతి. నెఫ్రో అంటే... కిడ్నీ."

"ముందర మాట?"

"వాళ్లు ఏవేవో రాస్తారులే వదినా. కాఫీ తెప్పిస్తానుండు."

"ఏమప్పా! ఆసుపత్రిలో ఆయన ఒళ్లంతా వాచి, చుక్క ఉచ్చ రాక దొర్లుతాంటే కాఫీ అంటాండావే! యాడిది ఈ రోగం? సారాయి తాగినాడా, బీడీ తాగినాడా? చెప్పు!"

"నొప్పి మాత్రలు."

"ఏ మాత్రలు?"

"నేనిచ్చినవే. మగ్గం గుంతలో కూసోని నేస్తాంటే నడుం పడిపోతాండాది, ఏమన్నా ఇయ్యప్పా అనె అన్న. ఇస్తి. ఆరేండ్లు ఇస్తానే ఉంటి. డాక్టరు చీటీ లేదు, పాడు లేదు. అవే తినేసినాయి కిడ్నీల్ని. నన్ను చెప్పుతో కొట్టు వదినా."

"నిన్ను కొడితే ఆయన లేస్తాడా? నీ చెయ్యి పడిపోనూ! దేవుని మాదిరి నమ్మితిమి కదరా!"

"దోవ లేకుండా లేదు వదినా. కిడ్నీ మారిస్తే బతుకుతాడు. ఎవరన్నా ఇస్తే..."

"నేనే ఇస్తానంటి. బ్లడ్డు గ్రూపు కుదిరింది. ఎల్లుండి నాకూ పరీక్షలంట."

"దేవుడుండాడు! నీకు షుగరు లేదు, బీపీ లేదు. ఒకటిచ్చినా ఇంగొకదాంతో బాగుంటావు. అన్న బతికినట్లే!"

"ఓబిలేషూ."

"చెప్పు వదినా."

"దినానికి ఎన్నిస్తాంటివి?"

"నాలుగు. పొద్దున రెండు, మాపుకు రెండు. ఏమి?"

"ఆయన పొద్దటివే మింగుతాండె. రాట్నం తిప్పీ తిప్పీ నా నడుమూ పోయింది కదప్పా. మాపటివి రెండూ ఆరేండ్లుగా నేనే మింగుతాండా."