తుమ్ముతున్న పిల్లి

ప్రత్తిపాడులో ఒక ముసలాయన అరుగు మీద పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కింటి కోడలు వచ్చి ఎదురుగా నిలబడింది.

“లోకంలో మొట్టమొదట పిల్లిని మచ్చిక చేసింది మా ముత్తాతే అమ్మాయ్.”

“అది మా పిల్లి మావయ్యా. నిన్నటినుంచి ఎలకలు మా విత్తనాల బస్తాలు కొరికేస్తున్నాయి.”

“సరే, ముత్తాతని వదిలెయ్. పిల్లినెవరూ మచ్చిక చెయ్యలేదు. వేల ఏళ్ల కిందట మనుషులు గింజలు దాచుకుంటే ఎలకలొచ్చాయి, వాటి వెనకాల పిల్లే వచ్చింది. ఇదీ అంతే. మా కొట్లో ఎలకల్ని పసిగట్టి నడిచొచ్చింది.”

“నడిచొస్తే ఇలా ఆగకుండా తుమ్ముతుందా? దాని ఒంటినిండా మిరపఘాటే. ఆ గోడవార ఖాళీ మిరపగోతాం ఎందుకుంది మావయ్యా?”

“గింజలు నిజం, ఎలకలూ నిజమే. నడిచొచ్చిందన్న ముక్కొక్కటే నేను కల్పించింది. ఇదిగో, తీసుకుపో.”