చూశామంటే ఊరుకోని పెద్ద సిస్టర్ గారికి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడో తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు మా ఆసుపత్రి అత్యవసర చికిత్సా విభాగంలో ఇరవై మూడేళ్ల యువతి ఒకరు స్టాఫ్ నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. హాజరు పట్టీలో సంతకం చేసిన పది నిమిషాలకే మొదటి క్షతగాత్రుణ్ని తీసుకువచ్చారనీ, చేతిసంచి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే నాథుడు లేక దాన్ని భుజానికి తగిలించుకునే ఆయన నాడి చూశారనీ ఆనాటి ఆయా చెప్పగా విన్నాను. ముప్పై అయిదేళ్ల అనంతరం, ఈ నెలాఖరున, అదే విభాగం నుంచి ప్రధాన నర్సుగా వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం రాయమని సంపాదక వర్గం నన్ను కోరినప్పుడు, విశేషణాలు తక్కువ వాడతాననీ జరిగింది జరిగినట్టు రాస్తాననీ ముందే షరతు పెట్టాను. సన్మాన వ్యాసాల్లో అందరూ కరుణామూర్తులే, అందరూ కర్మయోగులే. ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా అతికినట్టు సరిపోతుంది. సంపాదకులు నా షరతుకు తలూపారు గనుక కలం పట్టాను.

ఆ రోజుల్లో మా విభాగమంటే రెండు గదులు, ఆరు మంచాలు, సగం కొక్కేలు ఊడిపోయిన ఒక తెర. ప్రమాదం జరిగి నలుగురైదుగురు ఒకేసారి వస్తే, ఎవరు గట్టిగా కేకలు పెడితే వారి దగ్గరకే అందరూ పరుగెత్తడం అప్పటి ఆనవాయితీ. పెద్ద సిస్టర్ గారు ఆ ఆనవాయితీకి మొదటి నుంచీ ఎదురు నడిచారు. "అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టేగా! పలకనివాళ్ల దగ్గరకు పదండి ముందు" అని ఆవిడ అంటుంటే, చేయి విరిగి కేకలు వేస్తున్నవారి బంధువులు ఆవిడను రాతిగుండె మనిషని తిట్టిపోసేవారు. ఆవిడ ఆ తిట్లు పడుతూనే, మూలన గోడకు ఆనుకుని "నాకేం ఫర్వాలేదమ్మా" అంటున్న పెద్దాయన చల్లబడిన చేతిని పట్టుకునేవారు. అలా మాట్లాడకుండా కూర్చున్నవారిలో కడుపులో రక్తస్రావంతో ఉన్నవారు ఎందరు బయటపడ్డారో మా పాత రికార్డులే చెబుతాయి.

ఆవిడ ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక తాపీ మేస్త్రి పరంజా మీద నుంచి పడి వచ్చారు. తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. చూసినవారి కళ్లన్నీ అక్కడే ఆగిపోయాయి. నలుగురు కలిసి ఆ కాలికి చక్కగా కట్టు కట్టారు. ఆ నలుగురిలో సిస్టర్ గారు ఒకరు. కింద పడేటప్పుడు ఇనుప చువ్వ ఒకటి ఆయన వీపులో దిగిన సంగతి, పక్కబట్ట తడిసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆయన బతకలేదు. ఆ మర్నాటి నుంచి సిస్టర్ గారి నడుముకు పెద్ద కత్తెర ఒకటి వేలాడసాగింది. గాయపడిన మనిషి ఎవరైనా సరే, శ్వాసమార్గం, ఊపిరి, నాడి, స్పృహ చూసిన వెంటనే ఆవిడ బట్టలు నిలువునా కత్తిరించి, తల నుంచి పాదం దాకా పరీక్షించి, మెడ కదలకుండా పట్టుకుని ఒక పక్కకు దొర్లించి వీపు చూస్తారు. ఆ తర్వాత, ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది కాబట్టి, వెచ్చటి దుప్పటి కప్పుతారు. 'కత్తెరమ్మ' అనే పేరు అలా వచ్చింది. అది ఆవిడకు తెలియదని మనలో చాలామంది అనుకుంటున్నారు. తెలుసు.

ఈ పద్ధతి వల్ల ఫిర్యాదులూ వచ్చాయి. ఒక పెద్దమనిషి డిశ్చార్జి అయిన పది రోజులకు, రెండు ముక్కలైన ప్యాంటు సంచిలో పెట్టుకుని వచ్చి, హాలు మధ్యలో నిలబడి నిలదీశారు. ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసి, "ప్యాంటు పోయిందని అడగడానికి రెండు కాళ్ల మీద నడిచి వచ్చారు కదండీ, అంతకంటే ఏం కావాలి!" అన్నారు. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, ఆనక ఆయనే నవ్వేశారు.

నేను ఈ విభాగంలో జూనియర్ డాక్టరుగా చేరింది తొంభై ఎనిమిదిలో. చదువు నిండా ఉంది, చేతికి పని రాదు. సిస్టర్ గారు నన్ను ఎన్నడూ నలుగురిలో తప్పు పట్టలేదు. నేను తొందరపడినప్పుడల్లా నా పక్కకు వచ్చి, "డాక్టర్ గారూ, మళ్లీ మొదటి నుంచి చూద్దామా?" అనేవారు. ఆ 'చూద్దామా'లో మర్యాద ఉండేది, తప్పించుకునే వీలు మాత్రం ఉండేది కాదు. రెండు వేల ఒకటిలో వారికి విభాగం ఇన్‌చార్జి బాధ్యత, రెండు వేల తొమ్మిదిలో ప్రధాన నర్సు పదవి లభించాయి. ఈ రెండింటి నడుమ జరిగిన సంఘటన ఒకటి ఇక్కడ రాయాలి. సంపాదక వర్గం అడిగిన 'సరదా జ్ఞాపకం' ఇది కాదు.

రెండు వేల మూడులో ఒక మధ్యాహ్నం, మూడున్నర ప్రాంతంలో, డ్యూటీ మారే వేళకు, సిస్టర్ గారి భర్తను స్ట్రెచర్ మీద తీసుకువచ్చారు. పాఠశాలలో చిత్రలేఖనం నేర్పే మాస్టారు వారు. మా అందరికీ తెలిసినవారే. సైకిల్ మీద వస్తుండగా వ్యాన్ తగిలి, వెల్డింగ్ దుకాణం ముందు పడిపోయారు. నుదురు చిట్లి ముఖమంతా రక్తం, కుడి ముంజేయి విరిగి వంకర తిరిగింది. సిస్టర్ గారు ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. "నేను ముట్టుకోను. నావాళ్లను నేను చూస్తే నాకు కావలసిందే కనిపిస్తుంది. మీరు చూడండి" అని నాతో చెప్పి తెర అవతలికి వెళ్లి నిలబడ్డారు.

మాస్టారికి స్పృహ బాగానే ఉంది. నేను దగ్గరకు వెళ్లగానే నవ్వడానికి ప్రయత్నిస్తూ, "డాక్టర్ గారూ, మీ కత్తెర సంగతి నాకు తెలుసు. ఈ చొక్కా జోలికి మాత్రం రాకండి. పొద్దున్నే మడత విప్పాను. మా ఆవిడ ఏరికోరి తెచ్చింది" అన్నారు.

"అలాగే మాస్టారూ" అన్నాను.

చొక్కా ముందువైపు గుండీలు మాత్రం విప్పాను. ఛాతీ విన్నాను, బాగానే ఉన్నట్టు తోచింది. కడుపు మెత్తగా ఉంది. ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది. చేయి విరిగిన నొప్పి వల్లనేలే అనుకున్నాను. నుదుటికి కుట్లు వేశాను, చేతికి బద్ద కట్టించాను. ఇక దొర్లించాలి. విరిగిన చేతితో ఆయన్ను కదిలిస్తే మూలుగుతారు, ఆ మూలుగు తెర అవతల ఆవిడకు వినిపిస్తుంది. మన మాస్టారే కదా, కాసేపు ఆగి చూద్దాంలే అనిపించింది. ముక్కూ మొహం తెలియని మనిషికి చేసే పని, మనవారని చేయలేదు. ఎంత దగ్గరివారైతే అంత వదిలేశామన్నమాట.

"డాక్టర్ గారూ, వీపు చూశారా?" తెర అవతలి నుంచి సిస్టర్ గారు అడిగారు.

"చూశాం సిస్టర్" అన్నాను.

అబద్ధం. ఎందుకు చెప్పానో ఇరవై ఒక్క ఏళ్లుగా ఆలోచిస్తున్నాను, సిగ్గు తప్ప వేరే కారణం దొరకలేదు. అయిదేళ్లలో నేను చూశానంటే ఆవిడ నమ్మని రోజు లేదు. ఆ రోజు మాత్రం మళ్లీ అడిగారు.

"ఏం కనిపించింది?"

ఏమీ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఉన్న స్టాఫ్ నర్సు నా ముఖం వంక చూసి తల దించుకుంది. అప్పుడు గమనించాను, మాస్టారి హాస్యాలు ఆగిపోయి రెండు మూడు నిమిషాలైంది. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి.

"దొర్లించండి" అన్నాను. ఇద్దరు నర్సులు, స్ట్రెచర్ అతను, నేను కలిసి ఆయన్ను పక్కకు తిప్పాం. చొక్కా మెడ నుంచి అంచు దాకా కత్తిరించాను. ఎడమ రెక్క ఎముక కింద గుండీ అంత రంధ్రం. ఊపిరి తీసినప్పుడల్లా అందులో రక్తం బుడగలు బుడగలుగా పొంగుతోంది. దుకాణం ముందున్న చువ్వల మీద పడ్డారని మాకెవరూ చెప్పలేదు. చొక్కా అడుగున రక్తం ఇంకిపోయి పైకి కనిపించలేదు. ఈసారి విన్నప్పుడు ఎడమ వైపు శ్వాస శబ్దం లేదు. గాయం మీద కట్టు వేసి, పక్కటెముకల మధ్య గొట్టం అమర్చగానే లోపల బిగబట్టి ఉన్న గాలి బుస్సున బయటికి వచ్చింది. కాసేపటికి మాస్టారు కళ్లు తెరిచి, ఏదో అనబోయి, అలసటతో మళ్లీ మూసుకున్నారు. ఇంకో పావుగంట గడిచి ఉంటే ఆయన దక్కేవారు కాదు. పదకొండు రోజుల తర్వాత ఇంటికి వెళ్లారు.

ఆ సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుంటే సిస్టర్ గారు వచ్చి పక్క కుళాయి దగ్గర నిలబడ్డారు. ఆవిడ చేతుల్లోంచి సబ్బు రెండుసార్లు జారిపడింది.

"ఆయనకు నేను చెప్పను. పైవాళ్లకూ చెప్పను. అది మీరు చెప్పుకోవలసిన మాట" అన్నారు. "కానీ డాక్టర్ గారూ, ఇంకెప్పుడూ నాతో 'చూశాం' అనకండి. ఏం కనిపించిందో చెప్పండి."

కోప్పడితే బాగుండుననిపించింది. ఆవిడ కోప్పడలేదు, చేతులు తుడుచుకుని డ్యూటీ అప్పగించడానికి వెళ్లారు.

మరుసటి వారం మన పరీక్షా పత్రం మారింది. అంతవరకు 'వీపు పరీక్షించబడినది' అన్న చోట టిక్కు పెడితే సరిపోయేది. దాన్ని కొట్టివేసి, తల, మెడ, ఛాతీ, కడుపు, నడుము, కాళ్లు, వీపు అని రాసి, ప్రతి దాని ఎదుటా ఖాళీ గీత పెట్టారు. కనిపించింది మాటల్లో రాయాలి, ఏమీ కనిపించకపోతే ఆ సంగతీ రాయాలి. పనిభారం పెరిగిందని కొత్తగా చేరిన ప్రతి బృందమూ దాని మీద సణుగుతుంది. ఆ మార్పుకు కారణమేమిటని కమిటీ అడిగితే సిస్టర్ గారు 'పొరపాట్లకు తావు లేకుండా' అని మూడు ముక్కలు రాసి సంతకం చేశారు. ఆ పద్ధతిలోనే వారు సుమారు నాలుగు వందల మంది నర్సులకు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. ఇతర ఆసుపత్రులవారు ఆ పత్రాన్ని అడిగి పట్టుకెళ్లారు. దాని వెనుక ఉన్న పొరపాటు ఎవరిదో ఈరోజు దాకా బయట ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఉన్న మిగతా ముగ్గురూ నోరు మెదపలేదు.

నేనూ మెదపలేదు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడని వాయిదా వేస్తూ విభాగాధిపతినయ్యాను. మాస్టారు ఏటా ఒకసారి నా గదికి వస్తారు. మొదటి ఏడు తన చేత్తో వేసిన చిత్రం ఒకటి తెచ్చి నా గోడకు తగిలించారు: మంచం పక్కన వంగి నిలబడిన డాక్టరు, చేతిలో గొట్టం. మనవరాళ్లను వెంటబెట్టుకు వచ్చినప్పుడు, "ఇదిగో, మీ తాతను బతికించిన డాక్టరు గారు. దణ్ణం పెట్టండి" అంటారు. పిల్లలు దణ్ణం పెడతారు. సిస్టర్ గారు పక్కనే ఉంటారు. అవుననరు, కాదనరు. నాకు మాత్రం ఆ కాసేపూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మాస్టారూ, మిమ్మల్ని బతికించింది నేను కాదు. నేను చూడకుండా చూశానన్నాను; మీ ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు. ఆవిడ ఆ మాటను మీ దగ్గర కూడా దాచింది నన్ను కాపాడటానికి కాదనీ, నా నోటితో నేనే చెప్పాలని ఎదురుచూశారనీ ఇప్పటికి అర్థమైంది. ఆవిడ ఈ విభాగం వదిలి వెళ్లే లోపల చెప్పకపోతే ఇక చెప్పలేనన్న భయంతో ఇక్కడ రాస్తున్నాను. ఆ చిత్రం గోడ మీది నుంచి దించి భద్రంగా ఉంచాను. ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించండి.

వీడ్కోలు సభనాడు ఈ సంచిక మొదటి ప్రతిని, ఈ పుట తెరిచి, మాస్టారి చేతికి నేనే ఇస్తాను. విశ్రాంత జీవితంలో సిస్టర్ గారికి ప్రశాంతమైన నిద్ర, తీరికైన ఉదయాలు, దృఢమైన ఆరోగ్యం సమకూరాలనీ, దంపతులిద్దరూ కలిసి నిండు నూరేళ్లు జీవించాలనీ మనసారా కోరుకుంటున్నాను. మాస్టారి నూరేళ్లు నా చేతుల మీదుగా సగంలోనే ముగిసిపోబోయాయి గనుక, ఆయనకు దీర్ఘాయుష్షు కోరే అర్హత నాకుందో లేదో ఆయనే చెప్పాలి. కోరిక మాత్రం నిజం.